బొట్టు పెట్టిన బటన్, శాలువా కప్పిన పెట్టె

తమ్ముళ్లూ, మీరు చేరిన సౌండ్ సర్వీసులో మిక్సర్ మీద ఏ బటన్‌కైనా బొట్టు పెట్టి ఉంటే ముందు దండం పెట్టుకోండి, ఆ తర్వాత గోటితో గీకి చూడండి. నేను మొదటి పని మాత్రమే చేశాను. పంతొమ్మిదేళ్లు చేశాను. రెండో పని చేసేసరికి ఒక టీచరమ్మ కొంప సగం మునిగింది.

నేను ముప్పై నాలుగేళ్లు మైక్ సెట్టు పని చేసి ఇంట్లో కూర్చున్నవాణ్ణి. కర్నూలు పాతబస్తీలో వైర్లు చుట్టడంతో మొదలుపెట్టి ఆపరేటర్‌గా ముగించాను. ఎందరివో గొంతులు పెద్దవి చేశాను గానీ ఇంట్లో నా గొంతు ఇప్పటికీ ఒకటో నంబరు దాటదు. కుడి చెవిలో ఎప్పుడూ సన్నగా ఒక కూత వినిపిస్తుంటుంది. డాక్టరు దాన్ని జబ్బు అన్నాడు. నేను పెన్షన్ అంటాను, నెలనెలా కాదు, నిమిషనిమిషమూ వస్తుంది కాబట్టి.

కథలోకి పోయేముందు ఒక్క సంగతి చెప్పాలి, ఓపిక పట్టండి. పోడియం మీద వంకర మెడతో సన్నటి మైకు ఒకటి నిలబడి ఉంటుంది చూడండి, అది ఒట్టి కడుపుతో పని చేయదు. దానికి మిక్సర్ నుంచి కరెంటు అందాలి. అందుకోసం వేరే వైరేమీ ఉండదు. మాట వచ్చే వైరులోనే, మాటకు ఎదురుగా, నలభై ఎనిమిది వోల్టులు నడిచి పోతాయి, చేలో ఉన్నవాడికి అదే దారిన సద్దిమూట పోయినట్టు. దీన్ని ఫాంటమ్ పవర్ అంటారు. మామూలు చేతి మైకుకు ఈ సద్ది అక్కర్లేదు. మంచి వైరులో పంపితే అది ముట్టదు, దానికేమీ కాదు. చిక్కంతా తన కరెంటు తాను తెచ్చుకున్న పెట్టెలతో. ఇంట్లో సంగటి తిని వచ్చిన చుట్టాన్ని గడపలోనే పట్టుకుని నోట్లో ఇంకో ముద్ద కుక్కితే ఏమవుతుంది? కొందరు తట్టుకుంటారు, కొందరు కక్కుకుంటారు. గిటారు శబ్దం పెంచే పెట్టెలు, యాంపులు, అవీ అంతే. కొన్నింటిని తట్టుకునేలా చేసి ఉంటారు, కొన్నింటిని చేయరు. పైకి చూసి చెప్పలేం.

మా పాత మిక్సర్‌లో ఈ ఫాంటమ్‌కు ఒకటే స్విచ్చు. వేస్తే అన్ని లైన్లకూ సద్ది, తీస్తే అందరికీ పస్తు.

ఇప్పుడు బొట్టు సంగతి. ఆ మిక్సర్ బెంగళూరులో ఎవరో వాడి వదిలేసింది. దాంతోపాటు పుస్తకం రాలేదు, బటన్ల పక్కన రాతలు అరిగిపోయి వచ్చాయి. కొత్తలో నందికొట్కూరు మార్కెట్ యార్డులో రైతుల సభకు సెట్టు కట్టాం. ఒక పెద్ద అధికారి పోడియం దగ్గర నిలబడి, "మీ సమస్యలన్నీ నేను" అన్నాడు. అంతే, మైకు చచ్చింది. 'నేను' తర్వాత ఏముందో ఆ రైతులకు ఇప్పటికీ తెలియదు.

మా ఓనరన్న ఉరికి వచ్చాడు.

"రేయ్, నీ మోచెయ్యి యాడ పెట్టినావురా?"

చూసుకున్నాను. మిక్సర్ మీద, ఒక ఎర్ర బటన్ పక్కన ఉంది. ఓనరన్న ఆ బటన్ నొక్కాడు. అదే సమయానికి స్టేజీ మీద ఎవరో పోడియం పట్టుకుని ఊపారు. మైకు లేచింది. ఓనరన్న దృష్టిలో కేసు తేలిపోయింది. అదే ఫాంటమ్ బటన్ అనీ, దాన్ని ఆర్పింది నా మోచెయ్యేననీ తీర్పు చెప్పి, నొక్కిన బటన్ మళ్లీ లేవకుండా పైన టేపు అంటించాడు. ఆ ఏడాది ఆయుధపూజకు టేపు మీద పసుపు రాసి కుంకుమ పెట్టాడు. మరుసటేడు పాత బొట్టు మీదే కొత్త బొట్టు. "దాన్ని ముట్టుకున్న మోచెయ్యి ఇరగ్గొడతా" అన్నది మా షాపులో రాయని చట్టం. నేరం చేసినవాణ్ణి కనక ఆ చట్టాన్ని అందరికంటే నేనే భక్తిగా పాటించాను. పంతొమ్మిది ఆయుధపూజలు గడిచేసరికి అక్కడ బటన్ ఉందని చెప్తే తప్ప తెలిసేది కాదు. చిన్న కుంకుమ కొండ ఉండేది.

అట్లాంటి మిక్సర్‌ను వేసుకుని వేంపల్లెలో ఒక ప్రైవేటు స్కూలు వార్షికోత్సవానికి పోయాం. నేనూ, మా భాయీ. వైరింగ్, సోల్డరింగ్ పని భాయ్‌ది. నాకంటే రెండేళ్లు పెద్ద, నాకంటే పదేళ్లు తెలివైనవాడు; ఆ ముక్క నాతో అన్నదీ ఆయనే. కర్నూలు నుంచి అంత దూరం మమ్మల్ని పిలవడానికి కారణం స్కూలు కరస్పాండెంటుకూ మా ఓనరన్నకూ పాత స్నేహం. కరస్పాండెంటు సారుది మొదట నాపరాళ్ల పాలిష్ ఫ్యాక్టరీ. ఏళ్ల తరబడి ఆ మిషన్ల రొద మధ్య తిరిగి ఆయనకు చెవులు కొంచెం మందగించాయి. సౌండును చెవితో కాదు, రొమ్ముతో కొలిచేవాడు. స్పీకరు బాక్సు ముందు నిలబడి అరచేయి గుండె మీద పెట్టుకుని, అదిరితే "బాగుండాది", అదరకపోతే "ఏమప్పా, కరెంటు రాల్యా?" అనేవాడు.

ముందురోజు ఉదయం రిహార్సల్. స్టేజీ కట్టి, పోడియం మైకు పెట్టి, బాక్సులు నిలబెట్టాం. అప్పుడు వచ్చింది సంగీతం టీచరమ్మ. ఒక చేతిలో గిటారు, ఇంకో చేతిలో టిఫిన్ క్యారియర్ కంటే కొంచెం పెద్దదైన గోధుమరంగు పెట్టె. ఆమెది డోన్. నాన్న రైల్వే గార్డు. ఆయన రిటైరైన రోజు తోటివాళ్లు గోడ గడియారం ఇస్తామంటే, "టైము చూసి చూసి విసుగొచ్చింది, గిటారు పెట్టె ఇవ్వండి" అని అడిగి తెప్పించుకున్న యాంపు అది. కూతురికి ఉద్యోగం వచ్చినప్పుడు గిటారుతోపాటు ఇచ్చి పంపాడట.

ఆమె మెట్టు మీద కూర్చుని ఉన్న మాట చెప్పింది.

"సార్, మీకు చెప్పాల్సిన పని ల్యా గానీ చెప్తాండా. ఈ స్కూల్లో సంగీతం పీరియడ్ వారానికి ఒకటే. దాన్ని లెక్కలకు ఇచ్చేద్దామని లెక్కల సారు అడుగుతాండాడు. కరస్పాండెంటు సారు ఏమన్నాడంటే, రేపు పిల్లోళ్లు పాడేది ఇంటా, నాకు బాగనిపిస్తే పీరియడ్ ఉంటాది, ల్యాకపోతే సోమవారం నుంచి లెక్కలే అన్నాడు."

"ఆయనకు బాగనిపించాలంటే ముందు ఆయనకు ఇనపడాల గదమ్మా" అన్నాడు భాయ్.

"అదే భాయ్ నా బాధ. ఈ పెట్టె చిన్నది. మీ బాక్సుల్లో వస్తే గానీ ఆయప్పకు చేరదు."

పక్కనే లెక్కల సారు తన క్లాసుకు కుర్చీలు లెక్కపెట్టుకుంటూ ఉన్నాడు. ఈమె మాట విని తలెత్తి, "సంగీతంలో గూడా లెక్క ఉంటాది మేడం, లెక్కలో మాత్రం సంగీతం ఉండదు" అని మళ్లీ కుర్చీల్లో పడ్డాడు.

నేను వైరు తీసుకున్నాను. ఆ పెట్టె వెనక 'లైన్ అవుట్' అని ఉంది. అందులోంచి వైరు తెచ్చి మిక్సర్ ఆరో లైనులో పెడితే పని అయిపోతుంది. అప్పుడామె అంది, చాలా మర్యాదగా అంది:

"సార్, మీ మిక్సర్‌లో ఫాంటమ్ పవర్ ఉంటే ఆఫ్ చేసి అప్పుడు పెట్టండి. దీని పుస్తకంలో రాసుండాది."

తమ్ముళ్లూ, ఇక్కడ ఆగి నన్ను చూడండి. నాకు ముప్పై చిల్లర ఏళ్ల సర్వీసు. ఆమెకు ముప్పై ఏళ్ల వయసే ఉన్నట్టు లేదు. ఎదురుగా లెక్కల సారు, పక్కన విజిల్ మెడలో వేసుకున్న డ్రిల్లు సారు, ఇద్దరూ వింటున్నారు. 'ఉండమ్మా, ఆ బటన్ మా ఓనరన్న బొట్టు కింద ఉంది, ముట్టుకోకూడదు' అని చెప్పొచ్చు. అది నిజం. 'పోడియం మైకు కోసం ఫాంటమ్ ఎప్పుడూ ఆన్‌లోనే ఉంటుంది, వేరే దారి చూద్దాం' అని చెప్పొచ్చు. అది ఇంకా నిజం.

"అది ఎప్పుడో ఆఫ్ చేసినా మేడం" అన్నాను.

అన్నానా, లైను తగ్గించనైనా తగ్గించకుండా వైరు గుచ్చాను. బాక్సుల్లోంచి 'ఢబ్' మని ఒకటి వచ్చింది. స్కూలు నీళ్ల ట్యాంకు మీది పావురాలన్నీ ఒక్కసారిగా లేచాయి. అరచేయి గుండె మీద పెట్టుకుని దూరంగా నిలబడి ఉన్న కరస్పాండెంటు సారు, "ఆ, ఇది బాగుండాది!" అని అరిచాడు.

తర్వాత గుర్రుమని సన్నటి ముక్కుశబ్దం. తర్వాత అదీ లేదు. టీచరమ్మ గిటారు మీటింది. ఆమె పెట్టెలోంచి గిటారు పలుకుతూనే ఉంది, తేనె పోసినట్టు. మా బాక్సుల్లోకి మాత్రం చుక్క రాదు. లైన్ అవుట్ అంటే నిజంగానే లైనులోంచి అవుటైపోయింది.

"వైరు పోయినట్టుండాది" అన్నాను. రెండో అబద్ధం. మొదటిదానికి తోడు కావాలి కదా.

ఆమె నా ముఖం వైపు చూసి, మిక్సర్ వైపు చూసి, పిల్లలకు పాట చెప్పాలని వెళ్లిపోయింది.

భాయ్ వోల్టులు కొలిచే మీటరు తీసి ఆరో లైను మీద పెట్టాడు. ముల్లు నలభై ఎనిమిది దగ్గర నిలబడింది. నా వైపు తిప్పి చూపించాడు.

"ఆఫ్ చేసినా అంటివి."

"బొట్టు ఉండాది గదా భాయ్..."

"బొట్టుకు ఓల్టులు ఎట్ల తెలుస్తాయప్పా? గీకు."

మధ్యాహ్నమంతా షామియానా కింద కూర్చుని గీకాను. స్క్రూడ్రైవరు సాగలేదు. మధ్యాహ్న భోజనం వండే ఆమెను అడిగి చెంచా తెచ్చుకున్నాను. కొబ్బరినూనె వేసి నానబెట్టాను. పై పొర ఎర్రగా వచ్చింది, దాని కింద పసుపు, దాని కింద మళ్లీ ఎరుపు. ఒక పొరలో అక్షింతల గింజ దొరికింది. ఇంకో పొరలో చచ్చిన చీమ.

"ఏమప్పా, రిపేరీ చేస్తాండావా, కోట తవ్వుతాండావా?" అన్నాడు భాయ్. "రాజుగారి నాణెం దొరికితే సగం నాకు."

చివరికి టేపు, టేపు కింద బటన్. నొక్కాను. టక్కుమని పైకి లేచింది. భాయ్ మీటరు పెట్టాడు. నలభై ఎనిమిది. మళ్లీ నొక్కాను. నలభై ఎనిమిది. ఆ మిక్సర్‌లో అన్ని రాతలూ అరిగిపోయాయని చెప్పాను కదా, ఆ బటన్ పక్కన రాత మాత్రం బొట్టు కింద భద్రంగా, నిన్న అచ్చు వేసినట్టు ఉంది. అక్కడ 'ల్యాంపు' అని ఉంది. చీకట్లో పని చేసేటప్పుడు మిక్సర్‌కు తగిలించుకునే చిన్న బల్బుది ఆ బటన్. మాకు ఆ బల్బే లేదు.

భాయ్ మిక్సర్‌ను పిల్లవాణ్ణి ఎత్తుకున్నట్టు ఎత్తి వెనక్కి తిప్పాడు. కరెంటు వైరు పక్కన, దుమ్ములో, జరిపే స్విచ్చు ఒకటుంది. జరిపాడు. మీటరు ముల్లు పడిపోయింది.

నేను చెంచా కింద పడేశాను.

"మరి నందికొట్కూరులో మైకు ఎట్ల చచ్చింది భాయ్?"

భాయ్ లేచి పోడియం దగ్గరికి వెళ్లి దాన్ని పట్టుకుని ఊపాడు. మైకు గరగరమంది. "అప్పటి నుంచీ మన పోడియంలో ఈ వైరు గుచ్చే జాకు లూజే. నేను ఏటా చెప్తాండా, మీ ఓనరన్న ఏటా బొట్టు పెడతాండాడు."

పంతొమ్మిదేళ్లు మేము పూజించింది లేని బల్బుకు ఉన్న బటన్‌ను. పంతొమ్మిదేళ్లు నేను మిక్సర్ దగ్గర చేతులు కట్టుకుని కూర్చున్నది చేయని తప్పుకు. నా మోచెయ్యి నిర్దోషి. కానీ నిర్దోషి అని తెలిసిన పూటే నా నోరు దోషి అయింది. సంతోషించే వీలు లేకపోయింది.

ఇప్పుడు స్విచ్చు దొరికింది కదా, ఆఫ్ చేస్తే సరిపోదా అంటారు. ఆఫ్ చేస్తే పోడియం మైకు పస్తు. దాని బదులు చేతి మైకు పెడతామని కరస్పాండెంటు సారును అడిగాను.

"చేతి మైకు పాటలు పాడేటోళ్లకప్పా. నేను మాట్లాడేదానికి మెడ ఉండాల" అన్నాడు.

"పిల్లోళ్లు పాడేటప్పుడు మాత్రం రవ్వంతసేపు ఆపుతాం సార్."

"నడుమ నాకు ఏమన్నా తోస్తే?"

ఆయనకు తోచడం ఎప్పుడూ నడుమే అని ఊరంతా ఎరుగుదురు. పైగా స్విచ్చు తీసినా లాభం లేదు, పెట్టె లైను అప్పటికే పోయింది. భాయ్ దాన్ని విప్పి చూశాడు. లోపల శనగగింజంత ముక్కలు రెండు మాడాయి. కడపలో దొరుకుతాయి, కానీ అప్పటికే పొద్దు వాలింది, రేపు ఆదివారం, షాపులు ఉండవు.

ఆదివారం పొద్దున టీచరమ్మ రాగానే ఎదురు వెళ్లాను. రాత్రంతా కూర్చుకున్న మాటలు అన్నీ మరిచిపోయాను.

"మేడం, నిన్న అబద్ధం చెప్పినా. ఆఫ్ చేయల్యా. మీ పెట్టె లైను నేనే పోగొట్టినా."

"తెలుసు సార్" అంది. "మీరు చెంచాతో గీకుతాంటే మా పిల్లోళ్లు కిటికీలోంచి చూసి, 'మేడం, మైకాయన మిక్సర్‌కు స్నానం చేయిస్తాండాడు' అని చెప్పినారు. ఆఫ్ చేసినోడు గీకడు గదా." గిటారును ఇంకో భుజానికి మార్చుకుంది. "మా నాయనకు ఏం చెప్పాలో అదే తెలీడం ల్యా. అది ఉండనీ. ఈ పొద్దు ఎట్ల సార్?"

అప్పుడు నాకు సిగ్గుతోపాటు ఒక పాత సంగతి గుర్తొచ్చింది. హార్మోనియానికి లైన్ అవుట్ ఉందా? డప్పుకు ఉందా? ముప్పై ఏళ్లు వాటి ముందు ఏం పెట్టాను? చేతి మైకు పెట్టాను. ఈ పెట్టె నోరు బాగానే ఉంది, పలుకుతోంది. దాని నోటి ముందు ఒక మామూలు మైకు పెడితే చాలు. ఫాంటమ్ ఆన్‌లో ఉన్నా దానికేమీ కాదు, పెట్టెతో మా మిక్సర్‌కు వైరు చుట్టరికమే ఉండదు. గొప్పకు పోకుండా ఉంటే నిన్ననే చేయాల్సిన పని.

స్టేజీ చెక్కలది. పిల్లలు అడుగు వేస్తే అదురుతుంది. అందుకని పెట్టెను కింద పెట్టకుండా, స్టేజీ మీదే పెద్దలకు వేసిన ముందువరసలో చివరి కుర్చీలో, మెత్త మీద పెట్టాను. ఆ కుర్చీ మండలం నుంచి రావాల్సిన ఒక అధికారిది. ఆయన రావడం లేదని పొద్దున్నే ఫోను వచ్చింది. పెట్టె ముందు స్టాండు, స్టాండుకు మైకు. పరీక్షిస్తే గిటారు స్కూలు గేటు దాకా వినపడింది. టీచరమ్మ మొదటిసారి నవ్వింది.

కరస్పాండెంటు సారు వచ్చి చూసి, "ఈ పెట్టెకు మైకు ఎందుకప్పా? ఇది గూడా మాట్లాడతాదా?" అన్నాడు.

"మాట్లాడదు సార్, పాడతాది."

"అయితే మనకంటే మేలు" అని పోయాడు.

సాయంత్రం నాలుగుకు సభ మొదలైంది. మొదట సన్మానాలు. శాలువాల పని డ్రిల్లు సారుది. ముందుటేడు ఎవరో ఒక పెద్దమనిషికి శాలువా మరిచిపోతే ఆ మాట ఆరు నెలలు నడిచిందట. అందుకని ఈసారి ఆయనకు కరస్పాండెంటు సారు గట్టి ఆజ్ఞ: ముందువరసలో పేరు చీటీ ఉన్న ఏ కుర్చీనీ వదలొద్దు; మనిషి రాకపోతే కుర్చీకైనా కప్పాల. ఆజ్ఞ అంటే డ్రిల్లు సారుకు ఆజ్ఞే. వరసగా కప్పుకుంటూ వచ్చాడు. చివరి కుర్చీ దగ్గర ఆగాడు. వెనక చీటీ ఉంది. కుర్చీలో పెట్టె ఉంది. ఒక్క క్షణం ఆలోచించి, శాలువా విప్పి, పెట్టె భుజాల మీదుగా నిండా కప్పి, నమస్కారం పెట్టి, అటెన్షన్‌లో నిలబడ్డాడు. జనం చప్పట్లు కొట్టారు.

నేను స్టేజీ కింద మిక్సర్ దగ్గర ఉన్నాను. "సార్, సార్, తీయండి!" అని చేతులు ఊపాను. డ్రిల్లు సారు అంచుకు వచ్చి వంగి, పళ్ల సందుల్లోంచి అన్నాడు:

"కప్పిన శాలువా తీస్తారాప్పా? ఆ మండలం సారుకు తెలిస్తే నన్ను ఉంచుతాడా?"

"అది ఆయప్ప కాదు సార్, గిటారు!"

"కుర్చీ ఎవురిది?"

అప్పటికే పిల్లలు వరసగా నిలబడ్డారు. టీచరమ్మ గిటారు మెడలో వేసుకుని, పెట్టెకు వీపు పెట్టి, పిల్లల వైపు తిరిగి ఉంది. ఆమె చూడలేదు. మీటింది.

దుప్పట్లో దూరి గొణిగే ముసలాయనలా వచ్చింది గిటారు. పిల్లలు శ్రుతి వెతుక్కున్నారు, నలుగురికి ఒకటి దొరికింది, నలుగురికి ఇంకొకటి. నాకు తెలిసిన ఒకే వైద్యం చేశాను. ఆరో లైను ఎక్కించాను. ఇంకొంచెం ఎక్కించాను. మైకు తన కూతనే తాను మింగి, 'కూయ్' అని రైలింజనులా అరిచింది. ముందువరసలో శాలువాలు కప్పుకున్న వాళ్లంతా ఒక్కసారి చెవులు మూసుకున్నారు, ఒక్కరు తప్ప. ఆ ఒక్కరు లేచి పోడియం దగ్గరికి నడిచారు. ఆయనకు నడుమ ఏదో తోచింది.

"ఆపండి!" పోడియం మైకు, దాని సద్ది అది తిని, నిండుగా పలికింది. "ఏమ్మా, గిటారు గిటారు అంటివి, యాడ గిటారు? నాకేం ఇనపల్యా. కూత తప్ప!"

జనంలో లెక్కల సారు ముఖం పున్నమి చంద్రుడైంది. నేను ఆరో లైను పూర్తిగా దించేశాను. ముప్పై ఏళ్లలో ఎందరి ముందో మైకు చచ్చింది, నాకెప్పుడూ నా ఉద్యోగమే గుర్తొచ్చేది. ఆ రోజు మాత్రం వారానికి ఒక పీరియడ్ గుర్తొచ్చింది.

టీచరమ్మ వెనక్కి తిరిగి కుర్చీని చూసింది. ఏడుస్తుందేమో అనుకున్నాను. పోడియం దగ్గరికి వచ్చి, ఆ వంకర మెడను తన వైపు వంచుకుని, నెమ్మదిగా అంది:

"సార్, గిటారుకు సన్మానం చేసినారు సార్. శాలువా నిండా కప్పినారు. ఊపిరాడ్డం ల్యా."

ముందు పిల్లలు నవ్వారు, తర్వాత తల్లులు, తర్వాత మొత్తం మైదానం. ఆ నవ్వు చెవికి కాదు, రొమ్ముకు తగిలేంత. కరస్పాండెంటు సారు గుండె మీద చేయి వేసుకున్నాడు. వెళ్లి కుర్చీ దగ్గర నిలబడి చూశాడు. డ్రిల్లు సారు ఇంకా అటెన్షన్‌లోనే ఉన్నాడు. సారు శాలువా అంచు పట్టుకుని లాగేశాడు.

ఇప్పుడు శాలువా చేతికొచ్చింది. స్టేజీ మీద, ఊరంతా చూస్తుండగా, విప్పిన శాలువాను ఏం చేయాలి? మడిచి చంకలో పెట్టుకుంటే వేంపల్లెలో మాట పుడుతుంది. కుర్చీ మీద వేస్తే మళ్లీ మొదటికే వస్తుంది. కింద పెట్టడం అసలు జరిగే పని కాదు. ఆయన అటు చూశాడు, ఇటు చూశాడు. అందరికీ కప్పడం అయిపోయింది. స్టేజీ మీద శాలువా లేని పెద్దమనిషి ఒక్కరే మిగిలారు. సారు రెండడుగులు వేసి టీచరమ్మ భుజాల చుట్టూ దాన్ని కప్పాడు. అలవాటు కొద్దీ నమస్కారం పెట్టాడు. ఫోటో తీసేవాడు అలవాటు కొద్దీ ఫోటో తీశాడు. జనం అలవాటు కొద్దీ చప్పట్లు కొట్టి, కొట్టడం మొదలుపెట్టాక నిజంగానే కొట్టారు.

నేను ఆరో లైను పొద్దుటి గుర్తు దగ్గరికి తెచ్చాను. ఒక్క గీత కూడా ఎక్కువ పెట్టలేదు. ఆమె శాలువా కొంగు నడుముకు దోపుకుని మీటింది. ఈసారి గిటారు స్టేజీ మీంచి దిగి, కుర్చీల మధ్య నడిచి, గేటు దాటి రోడ్డు మీదికి పోయింది. బస్సు కోసం నిలబడినవాళ్లు ఇటు తిరిగారు. పిల్లలకు శ్రుతి దొరికింది, అందరికీ ఒకటే. కరస్పాండెంటు సారు బాక్సు ముందుకు వెళ్లి నిలబడ్డాడు, అరచేయి గుండె మీద పెట్టుకుని. పాట అయిపోయేదాకా తీయలేదు. అంతసేపూ ఆయనకు నడుమ ఏమీ తోచలేదు. అది నేను కళ్లారా చూసిన అద్భుతం.

చివర పోడియం దగ్గరికి వచ్చి అన్నాడు:

"లెక్కల సారు పీరియడ్ అడిగినాడు. ఇద్దామనే అనుకుంటి. కానీ శాలువా కప్పినంక పీరియడ్ తీసేస్తే రేపు ఊరు నన్ను ఏమంటాది? ఉండనీ." మైకుకు దూరంగా జరిగాననుకుని దగ్గరగానే, "అదీగాక, రొమ్ముకు తగిలిందప్పా" అన్నాడు.

సోమవారం మేము పెట్టె వేసుకుని కడపకు పోయాం. భాయ్ ఆ శనగగింజ ముక్కలు రెండూ కొని, షాపు మెట్ల మీదే కూర్చుని సోల్డరింగ్ చేశాడు. మళ్లీ వేంపల్లె తిరిగి వచ్చి పెట్టె ఇచ్చాం. దాంతోపాటు ఆయన చేసిన ఇంకో చిన్న డబ్బా కూడా ఇచ్చాడు. అందులో ఒక బుల్లి ట్రాన్స్‌ఫార్మర్ ఉంది. దాన్ని పెట్టెకూ మిక్సర్‌కూ నడుమ పెడితే శబ్దం దాటుతుంది గానీ ఆ నలభై ఎనిమిది దాటదు. పక్కింటి గోడలాంటిది: మాట ఇవతలికి వస్తుంది, మనిషి రాడు. "ఇది ఉన్నా గూడా ముందు ఆఫ్ చేసినారా అని అడుగమ్మా" అని భాయ్ చెప్తూ నా వైపు చూశాడు. "ఆఫ్ చేసినా అంటే నమ్మొద్దు. మీటరు అడుగు."

"మా నాయనకు చెప్పినా భాయ్" అందామె. "లైను పోయింది, రిపేరీకి పోయిందని. ఆయన ఏమన్నాడో తెల్సా? 'సిగ్నలు చూడకుండా బండి ఎవురు వదిలినారు?' అన్నాడు."

నేను చేయి ఎత్తాను. ఆమె నవ్వింది.

పెద్ద మాటలేవీ మీకు చెప్పను, తమ్ముళ్లూ. లైను దించి వైరు పెట్టండి, ఫాంటమ్ ఎక్కడుందో వెనక కూడా చూడండి, తెలియనిది తెలియదనండి. తెలియదన్న మాటకు లైన్ అవుట్ పోదు.

ఆ ఏడాది ఆయుధపూజకు ఓనరన్న పసుపు గిన్నె, కుంకుమ గిన్నె పట్టుకుని మిక్సర్ దగ్గరికి వచ్చాడు. శుభ్రంగా మెరుస్తున్న బటన్‌ను చూసి నిలబడిపోయాడు. వెనక స్విచ్చు చూపించాను. పోడియం జాకు చూపించాను. భాయ్ అప్పటికి దాన్ని బిగించేశాడు. మిక్సర్‌కు ఒక పక్కన, ఏ బటనూ లేని చోట, చిన్న చుక్క పెట్టాడు. బాక్సులకు పెట్టాడు, మైకులకు పెట్టాడు, వ్యాను స్టీరింగుకు పెట్టాడు. వేలికి ఇంకా రవ్వంత కుంకుమ మిగిలింది.

"చెయ్యి ఇట్ల పెట్టప్పా" అన్నాడు నాతో.

నుదురు వంచాను.

"నుదురు కాదు" అని నా మోచేతికి పెట్టాడు.